పుస్తకంలో ఉంటే చాలదు, మూట మీద ఉండాలి

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది గుణుపురం. మా పెదనాన్నగారి అబ్బాయికి బస్సు పార్సిళ్ల బుకింగ్ ఆఫీసు ఉంది. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, పార్వతీపురం మధ్య మూటలు, డబ్బాలు వెళ్తుంటాయి. కిందటేడు అన్నయ్య కోసం ఆన్‌లైన్ బుకింగ్ నేనే చేసి పెట్టాను. సర్వర్ అద్దె దండగని అంతా అమెజాన్ వాళ్ల ల్యాంబ్డా ఫంక్షన్లలోనే (పిలిచినప్పుడు మాత్రమే నడిచే చిన్న ప్రోగ్రాముల్లోనే) రాశాను. బుకింగ్, డబ్బు కట్టించుకోవడం, రసీదు, ఎస్ఎంఎస్... ఇలా మొత్తం 9 ఫంక్షన్లు. రోజుకు 400 దాకా బుకింగ్‌లు ఉంటాయి. డబ్బు కట్టినా కొందరికి ఎస్ఎంఎస్ వెళ్లడం లేదు, కొందరికి రెండుసార్లు వెళ్తోంది. ఎక్కడ తేడా కొట్టిందో చూద్దామంటే 9 చోట్ల లాగ్‌లు తెరవాలి, టైము చూసి ఇదే అయ్యుంటుందని ఊహించుకోవాలి. ఒక్కో బుకింగ్ ఎక్కడెక్కడ తిరిగిందో చూపించే ట్రేసింగ్ పెట్టమని ఒక స్నేహితుడు చెప్పాడు. ఒక ఫంక్షన్‌లో 30 లైన్లు రాసి, మిగతా 8 ఫంక్షన్లలో కాపీ కొట్టాను. తర్వాత ఒక తప్పు దిద్దాల్సి వస్తే 7 చోట్ల దిద్ది 2 చోట్ల మర్చిపోయాను. అన్నిటికీ కలిపి ఒకేచోట రాసే పద్ధతి ఏదైనా ఉందా? నేను రాసేది నోడ్‌లో, అంటే జావాస్క్రిప్ట్‌లో.
ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మీ ఉత్తరం చదవగానే మా నాన్న గుర్తొచ్చారు. బరంపురంలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఆయన బుకింగ్ గుమాస్తా. కార్బన్ కాగితాలు పెట్టి బిల్టీ (సరుకు రసీదు) రాసేవారు. రాయడం అయ్యాక నల్లరంగు డబ్బా, కుంచె తెప్పించి ప్రతి మూట మీదా ఆ బిల్టీ నంబరు వేయించేవారు. పది మూటలుంటే పదింటి మీదా. ఎండలో హమాలీలు విసుక్కునేవాళ్లు, పుస్తకంలో ఉంది కదా బాబూ అని. "పుస్తకం ఇక్కడే ఉంటుందిరా, మూట కదా జయపురం పోయేది" అనేవారు మా నాన్న.

మీ 9 ఫంక్షన్లూ 9 గోడౌన్లు. ప్రతి గోడౌన్‌లోనూ ఒక పుస్తకం ఉంది, అదే మీ లాగ్. మూట మీద మాత్రం నంబరు లేదు. అందుకే టైము చూసి ఊహించాల్సి వస్తోంది.

ట్రేస్ ఐడీ అంటే ఆ బిల్టీ నంబరే. కస్టమరు బుకింగ్ బటన్ నొక్కినప్పుడు పుట్టి, ఆ బుకింగ్ తిరిగిన ప్రతి చోటుకీ మారకుండా వెళ్లాలి. స్పాన్ అంటే ఒక్కో గోడౌన్ పుస్తకంలో ఒక వరుస: ఈ మూట ఎప్పుడు దిగింది, ఎప్పుడు ఎక్కింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఏమైనా చిరిగిందా. ఒకే నంబరున్న వరుసలన్నిటినీ ఏరి, ఏది దేని తర్వాత వచ్చిందో చూసి పేర్చితే ఆ బుకింగ్ ప్రయాణమంతా కళ్లకు కడుతుంది.

ఈ నంబరు ఎలా రాయాలన్న దానిమీద ఒకప్పుడు ఎవరి పద్ధతి వాళ్లది. గూగుల్ వాళ్లు తమ లోపలి ట్రేసింగ్ వ్యవస్థ డాపర్ గురించి 2010లో ఒక పేపరు బయటపెట్టారు. దాన్ని చూసి ట్విట్టర్ వాళ్లు జిప్‌కిన్ చేశారు. అమెజాన్ వాళ్లు ఎక్స్‌రే అని తమది తాము పెట్టుకున్నారు. చివరికి 2020లో వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ ఒక ప్రమాణం ఖరారు చేసింది. దాని పేరు ట్రేస్ కాంటెక్స్ట్. అందులో ముఖ్యమైనది ట్రేస్‌పేరెంట్ అనే హెడర్, అంటే అభ్యర్థనతో పాటు వెళ్లే చీటీ. మొత్తం 55 అక్షరాలు: రెండంకెల వెర్షను, 32 అక్షరాల ట్రేస్ ఐడీ, 16 అక్షరాల పేరెంట్ ఐడీ, రెండక్షరాల ఫ్లాగ్, మధ్యలో మూడు అడ్డగీతలు. ట్రేస్ ఐడీ బిల్టీ నంబరైతే, పేరెంట్ ఐడీ అంతకుముందు గోడౌన్ పుస్తకంలోని వరుస నంబరు. కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి మీరు ఈ పద్ధతే పట్టుకోండి. దీన్ని రాసే, చదివే పని ఓపెన్‌టెలిమెట్రీ అనే ట్రేసింగ్ లైబ్రరీ చేసిపెడుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒకేచోట రాసే పద్ధతి ఉంది, దాన్నే మిడిల్‌వేర్ అంటారు. పేరు చూసి బెదరకండి. అభ్యర్థనని అందుకుని పని చేసే మీ హ్యాండ్లర్ ఫంక్షన్‌ని లోపలికి తీసుకుని, దానికి ముందు కొంత పని, వెనక కొంత పని తగిలించి, మళ్లీ హ్యాండ్లర్‌గానే బయటికిచ్చే ఇంకో ఫంక్షన్ అది. మూటకు గోనె చుట్టడం లాంటిది, లోపలి సరుకు మారదు. బుకింగ్ ఫైలు చివర ఇప్పుడు హ్యాండ్లర్‌ని నేరుగా ఎగుమతి చేస్తున్నారు కదా, దాని బదులు ట్రేస్ అనే ఆ ఫంక్షన్‌లో చుట్టి ఎగుమతి చేస్తారు. ఒక్కో ఫైలులో మారేది ఒక్క లైను.

నోడ్‌లో దీనికి మిడీ అని మంచి లైబ్రరీ ఉంది. ముందు, తర్వాత, తప్పు జరిగినప్పుడు అని మూడు కొక్కేలిస్తుంది. ఎన్ని మిడిల్‌వేర్లయినా వరసగా తగిలించుకోవచ్చు. ల్యాంబ్డా కోసం అమెజాన్ వాళ్లిచ్చే పవర్‌టూల్స్ లైబ్రరీలో ట్రేసర్, లాగర్ రెండూ ఉన్నాయి, మిడీకి తగిలించడానికి సిద్ధంగా ఉంటాయి. రెండూ వాడాను, రెండూ బాగుంటాయి. కానీ మీ 9 ఫంక్షన్లకైతే ముందు 40, 50 లైన్లలో సొంతంగా ఒకటి రాసి చూడమంటాను. కుంచె ఒకసారి చేత్తో పట్టుకుంటే తర్వాత ఎవరి లైబ్రరీ వాడినా అది లోపల ఏం చేస్తోందో తెలుస్తుంది.

ఆ గోనె లోపల ఉండాల్సింది ఇంతే. వచ్చిన అభ్యర్థనలో ట్రేస్‌పేరెంట్ ఉందా, దాని ఆకారం సరిగ్గా ఉందా చూడాలి. లేకపోతే కొత్తది పుట్టించాలి. స్పాన్ మొదలుపెట్టి హ్యాండ్లర్‌ని పిలవాలి. తప్పు వస్తే స్పాన్ మీద రాసి, స్పాన్ మూసి, దాన్ని బయటికి పంపేయాలి. ఇంకేమీ వద్దు. బుకింగ్ ధర లెక్కలు, డిస్కౌంట్లు అందులో దూర్చారో, ఆర్నెల్లకు ఏది గోనో ఏది సరుకో మీకే తెలియదు.

బయటి ప్రపంచం నేరుగా తట్టే తలుపు దగ్గర, అంటే మీ బుకింగ్ ఏపీఐ దగ్గర, ఎవరో పంపిన ట్రేస్‌పేరెంట్‌ని నమ్మాల్సిన పని లేదు. అక్కడ మన నంబరు మనమే పుట్టించుకోవడం మేలు. లోపలి ఫంక్షన్ల మధ్య వచ్చినదాన్నే నమ్మాలి.

వరసలో ట్రేసింగ్‌దే అన్నిటికంటే బయటి పొర కావాలి. లాగిన్ తనిఖీ, జేసన్ రూపంలో వచ్చిన డేటా విప్పడం లాంటివి దాని లోపల ఉండాలి. చాలామంది లాగిన్ తనిఖీని బయట పెట్టి ట్రేసింగ్‌ని లోపల పెడతారు. అప్పుడు తనిఖీ దగ్గర తిరిగిపోయినవాళ్లెవరూ ట్రేస్‌లో కనిపించరు. ఆ వెనక్కి పోయినవాళ్లే కదా మనకు ఫోన్ చేసి తిట్టేది!

ఇక తప్పుల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వీటిలో సగం నేను చేసినవే.

మొదటిది, ట్రేస్ ఐడీని గ్లోబల్ వేరియబుల్‌లో, అంటే అన్ని అభ్యర్థనలకూ ఉమ్మడిగా ఉండే చోట దాచడం. బరంపురం పట్టుచీరల వ్యాపారి ఒకాయనకు ఆర్డర్ల పని చేసినప్పుడు మిడిల్‌వేర్‌లో ఇలా రాశాను: ఐడీ లేకపోతే కొత్తది పుట్టించు, ఉంటే ఉన్నదే వాడు. చదవడానికి ఎంత బుద్ధిగా ఉంది! మర్నాడు పొద్దున ట్రేస్ తెరిస్తే, ఒకే ఒక్క ఆర్డరు రాత్రంతా ఊరూరా తిరిగినట్టు కనిపించింది. ల్యాంబ్డా ఒక అభ్యర్థన అయిపోగానే ఆ పని నడిచిన గదిని కూల్చేయదు. తాళం వేసి పక్కన పెడుతుంది, ఇంకో అభ్యర్థన వస్తే అదే గది మళ్లీ తెరుస్తుంది. గోడ మీద రాసిన పాత నంబరు అలాగే ఉంటుంది. మొదటి కస్టమరు నంబరే అందరికీ అంటుకుపోయింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. చీరలు తప్పు ఇళ్లకు పోలేదు, లాగ్‌లే తప్పు ఇళ్లకు పోయాయని తెలిశాక గానీ టీ గొంతు దిగలేదు.

ప్రతిసారీ కొత్తగా రాసేస్తే సరిపోతుంది కదా అనొచ్చు. దాదాపు సరిపోతుంది. కానీ అవెయిట్ (అయ్యేదాకా ఆగమనే మాట) పెట్టడం మర్చిపోయిన పని ఏదైనా పాత అభ్యర్థనలో మిగిలిపోతే, గది మళ్లీ తెరిచినప్పుడు అది లేచి కొత్త కస్టమరు నంబరు కింద రాసేస్తుంది. దీనికి నోడ్‌లో అసింక్‌లోకల్‌స్టోరేజ్ అనే సదుపాయం ఉంది. ఒక్కో అభ్యర్థనకు విడిగా జేబు కుట్టిచ్చినట్టు. మిడిల్‌వేర్ ఆ జేబులో నంబరు వేసి హ్యాండ్లర్‌ని పిలుస్తుంది, లోపల ఎంత లోతున ఉన్న ఫంక్షనైనా ఆ జేబులోంచే తీసుకుంటుంది. ప్రతి ఫంక్షన్‌కీ ఐడీని చేతికందించుకుంటూ పోవక్కర్లేదు.

రెండోది తప్పుని మింగేయడం. మిడిల్‌వేర్ తప్పుని పట్టుకుని, స్పాన్ మీద రాసి, మళ్లీ బయటికి విసరాలి. విసరకపోతే? మీ ఎస్ఎంఎస్ ఫంక్షన్ ఎస్‌క్యూఎస్ క్యూ (అమెజాన్ వాళ్ల సందేశాల వరస) నుంచి సందేశాలు తీసుకుంటోందని అనుకుంటున్నాను. తప్పు బయటికి రాకపోతే ల్యాంబ్డా పని అయిపోయిందనుకుంటుంది, సందేశం క్యూలోంచి చెరిగిపోతుంది. ఎస్ఎంఎస్ వెళ్లలేదు, ఫిర్యాదూ లేదు, ఆధారమూ లేదు. మీ దగ్గర మాయమైన ఎస్ఎంఎస్‌ల వెనక ఇదే ఉందని నా అనుమానం. ఆ 30 లైన్లలో తప్పుని పట్టే ట్రై, క్యాచ్ ఉంటే, క్యాచ్‌లో లాగ్ ఒక్కటే రాసి ఊరుకున్నారేమో ఇవాళే చూడండి. ముఖ్యంగా దిద్దడం మర్చిపోయిన ఆ 2 చోట్ల.

మూడోది ఫ్లష్, అంటే పోగుపడినవాటిని వెంటనే బయటికి పంపేయడం. ఓపెన్‌టెలిమెట్రీ స్పాన్లను వెంటవెంటనే పంపదు, పోగుచేసి పంపుతుంది. మామూలుగా 5 సెకన్లకోసారి. ఎప్పుడూ తిరుగుతూ ఉండే సర్వర్‌కైతే అది తెలివైన పనే. ల్యాంబ్డాలో జవాబు ఇవ్వగానే గదికి తాళం పడుతుంది, పోగుచేసినవి లోపలే ఉండిపోతాయి. మళ్లీ ఎవరైనా వచ్చి తలుపు తెరిస్తే ఎప్పుడో వెళ్తాయి, రాకపోతే గదితో పాటే పోతాయి. రోజుకు 400 బుకింగ్‌లు అంటే మీ గదులు చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి, కాబట్టి మీకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. మిడిల్‌వేర్ చివర, తప్పు వచ్చినా రాకపోయినా నడిచే ఫైనల్లీ భాగంలో, ఫోర్స్‌ఫ్లష్ పిలవండి. జవాబు కాస్త ఆలస్యమవుతుంది, పరవాలేదు. పార్సిల్ బుకింగే కదా, షేర్ మార్కెట్ కాదు.

నాలుగోది టైమ్ అవుట్. ల్యాంబ్డాకు ఇచ్చిన గడువు దాటితే అది మధ్యలోనే తెగ్గొట్టేస్తుంది. ఫైనల్లీ కూడా నడవదు. అంటే ఏ అభ్యర్థన గురించి మీరు తెలుసుకోవాలో సరిగ్గా దాని స్పానే ఉండదు. హ్యాండ్లర్‌కు ల్యాంబ్డా ఇచ్చే కాంటెక్స్ట్‌ని అడిగితే ఇంకా ఎంత సమయం మిగిలిందో చెబుతుంది. గడువుకు అర సెకను ముందు మోగేలా మిడిల్‌వేర్‌లో ఒక టైమర్ పెట్టండి. మోగితే, టైమ్ అవుట్ అవబోతోందని స్పాన్ మీద రాసి ఫ్లష్ చేసేయాలి. మామూలుగా పని ముగిస్తే ఆ టైమర్‌ని తీసేయడం మర్చిపోకండి.

రెండుసార్లు వెళ్లే ఎస్ఎంఎస్‌ల సంగతి ఇక్కడే ఉండొచ్చు. మీరేమీ మార్చకపోతే ల్యాంబ్డా గడువు 3 సెకన్లు. సాయంత్రం రద్దీలో ఎస్ఎంఎస్ కంపెనీ జవాబివ్వడానికి 4 సెకన్లు పట్టిందనుకోండి. వాళ్లు ఎస్ఎంఎస్ పంపేశారు, మీ ఫంక్షన్ మాత్రం జవాబు వినకుండానే చచ్చిపోయింది. క్యూ దృష్టిలో పని కాలేదు, కాబట్టి సందేశాన్ని మళ్లీ ఇస్తుంది. కస్టమరుకు రెండో ఎస్ఎంఎస్. క్యూ నుంచి వచ్చే ప్రతి సందేశంతోనూ అది ఎన్నోసారి ఇస్తున్నదో ఒక అంకె వస్తుంది. ఆ అంకెని స్పాన్ మీద రాయించండి. 2 అని కనబడితే దొంగ దొరికినట్టే. గడువు పెంచడం మొదటి మందు. ఫలానా బుకింగ్‌కు ఎస్ఎంఎస్ వెళ్లిందని డేటాబేస్‌లో రాసుకుని, మళ్లీ పంపేముందు చూసుకోవడం రెండోది. మామూలు ఎస్‌క్యూఎస్ క్యూ ఎప్పుడైనా ఒకే సందేశాన్ని రెండుసార్లు ఇవ్వొచ్చు, అది దాని ఒప్పందంలోనే ఉంది. ట్రేసింగ్ చేసేది చూపించడమే, నయం చేయడం కాదు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక గోడౌన్ లోపలి సంగతి. సరుకు పోయేది సాధారణంగా గోడౌన్‌లో కాదు, చేతులు మారే చోట. మీది గుణుపురం కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో, అక్కడి నుంచి గుణుపురానికి 1931లో వచ్చిన చిన్న రైలు రెండున్నర అడుగుల నారోగేజ్. మెయిన్ లైన్ మీద వచ్చిన సరుకుని నౌపడాలో దించి, చిన్న పెట్టెల్లోకి ఎక్కించాల్సిందే. అలాంటి చోట మూట మీద నంబరు చెరిగిపోతే దానికి దిక్కెవరు? ఇప్పుడు బ్రాడ్‌గేజ్ వచ్చేసింది గానీ, మీ ఫంక్షన్ల మధ్య ఆ నౌపడాలు అలాగే ఉన్నాయి.

ఏపీఐ నుంచి ఏపీఐకి పోయేటప్పుడు హెడర్ ఉంటుంది, నంబరు అందులో వెళ్తుంది. క్యూలో హెడర్ ఉండదు. కాబట్టి పంపే ఫంక్షన్ ఆ నంబరుని సందేశం తాలూకు ఆట్రిబ్యూట్‌గా (పక్కన అంటించే చీటీగా) తగిలించాలి. ఒక సందేశానికి అలాంటివి 10 దాకా పెట్టుకోవచ్చు, మనకు కావాల్సింది ఒక్కటి. మిడిల్‌వేర్ రాసేవాళ్లు వచ్చేవైపు గోనె చుట్టి, పంపేవైపు మర్చిపోతారు. సందేశం పంపడానికి కూడా మీదంటూ ఒక చిన్న ఫంక్షన్ రాయండి, జేబులోంచి నంబరు తీసి ఆట్రిబ్యూట్‌లో పెట్టి పంపేది. 9 ఫంక్షన్లలో ఎవరూ ఎస్‌క్యూఎస్‌ని నేరుగా పిలవకూడదని నియమం పెట్టుకోండి.

తీసుకునే వైపు ఇంకో చిక్కు ఉంది. ఎస్‌క్యూఎస్ నుంచి ల్యాంబ్డాకు సందేశాలు ఒక్కోటి రావు, మీరు మార్చకపోతే 10 దాకా కలిపి వస్తాయి. పది వేర్వేరు బిల్టీల మూటలు ఒకే లారీలో. ఆ లారీకి ఏ బిల్టీ నంబరు వేస్తాం? మా నాన్న వాళ్లు లారీకి విడిగా ఒక ట్రిప్ షీట్ రాసేవారు, అందులో ఏయే బిల్టీలు ఎక్కాయో జాబితా ఉండేది. ట్రేసింగ్‌లో దీన్ని లింక్ అంటారు. లారీ ప్రయాణానికి సొంత స్పాన్, దాని నుంచి పది ట్రేస్‌లకు పది లింకులు. తర్వాత ఒక్కో సందేశాన్నీ విప్పేటప్పుడు దాని నంబరు కిందే చిన్న స్పాన్. అందుకని మీకు రెండు గోనెలు కావాలి: ఏపీఐ ఫంక్షన్లకు ఒకటి, క్యూ ఫంక్షన్లకు ఒకటి. ఒక్కదానితోనే రెండు పనులూ చేయించాలని చూసి, వందల లైన్ల బ్రహ్మపదార్థం తయారుచేసినవాళ్లని చూశాను. పదిలో ఏ సందేశాలు విఫలమయ్యాయో తిరిగి చెప్పే పద్ధతి వాడుతుంటే, ఆ జవాబుని మిడిల్‌వేర్ ముట్టుకోకుండా యథాతథంగా వదలాలి.

డబ్బు కట్టించే కంపెనీ, అంటే పేమెంట్ గేట్‌వే దగ్గర మన నంబరు పూర్తిగా తెగిపోతుంది. కస్టమరు మన దగ్గర్నుంచి గేట్‌వే పేజీకి వెళ్లి, ఫోన్‌లో యూపీఐ తెరిచి, మధ్యలో ఎవరితోనో మాట్లాడి, పావుగంటకు డబ్బు కడతాడు. అప్పుడు గేట్‌వే మన వెబ్‌హుక్‌ని (డబ్బు అందిందన్న కబురు వచ్చే చిరునామాని) తడుతుంది, మన ట్రేస్‌పేరెంట్ లేకుండా. కాబట్టి బుకింగ్ రాసేటప్పుడే డేటాబేస్‌లో ఆ వరుసలోనే నంబరు దాచుకోండి. వెబ్‌హుక్‌లో మన బుకింగ్ నంబరు ఎలాగూ ఉంటుంది. దానితో వెతికి, పాత ట్రేస్‌కు లింక్ వేసి కొత్త ట్రేస్ మొదలుపెట్టండి. పాతదాన్నే కొనసాగిస్తే పావుగంట పొడవున్న గీత ఒకటి కనిపించి, మీ ఫంక్షన్ అంత నెమ్మదా అని కంగారుపడతారు.

చివరిగా ఆ ఫైలు ఎక్కడ పెట్టాలి? 9 ఫంక్షన్లూ ఒకే రిపోలో (కోడ్ దాచే చోట) ఉంటే ఒక ఫోల్డరులో పెట్టి ఇంపోర్ట్ చేసుకోండి, అంతే. ల్యాంబ్డా లేయర్‌లో (ఫంక్షన్లన్నీ పంచుకునే కోడ్ మూటలో) పెట్టొచ్చని చాలామంది చెబుతారు. పెట్టొచ్చు. కానీ లేయర్ కొత్త వెర్షన్ వేస్తే ఫంక్షన్లన్నీ వాటంతటవే దానికి మారవు. ఒక్కో ఫంక్షనూ ఫలానా వెర్షన్ అని పట్టుకుని ఉంటుంది, అన్నిటినీ మళ్లీ డిప్లాయ్ చేయాల్సిందే. లేయర్ పెట్టేశాం, ఒకచోట దిద్దితే చాలనుకుంటే మళ్లీ ఆ 7, 2 కథే.

ముందు బుకింగ్, ఎస్ఎంఎస్ ఫంక్షన్లు రెండింటికే చుట్టండి. ఒక బుకింగ్ నంబరు ఆ రెంటి మధ్య తెగకుండా కనిపించాక మిగతా 7 పట్టుకోండి. మాయమైన ఎస్ఎంఎస్ దొరికితే నాకు మళ్లీ రాయండి, నా రెండు అనుమానాలూ నిజమేనా అని తెలుసుకోవాలని ఉంది.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ధర్మాబాద్‌లో మిర్చి వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తాను. ట్రేసింగ్ ఆన్ చేస్తే బిల్లు వాచిపోతుందని మా భాగస్వామి భయపెడుతున్నాడు. నూటికి ఒకటి ట్రేస్ చేస్తే చాలా?
ఒక పాఠకుడు, నాందేడ్ జిల్లా

జవాబు: మీ భాగస్వామి భయం పెద్ద కంపెనీల భయం. అమెజాన్ వాళ్ల ట్రేసింగ్ సేవ ఎక్స్‌రే నెలకు మొదటి 1 లక్ష ట్రేస్‌లకు డబ్బు తీసుకోదు. ఆ తర్వాత 10 లక్షలకు 5 డాలర్లు. మార్కెట్ సీజన్‌లో కూడా మీకు రోజుకు 3 వేలు దాటకపోతే అంతా ఉచితంలోనే పోతుంది. పైగా దాని మామూలు నియమం సెకనుకు మొదటి అభ్యర్థననీ, ఆ సెకనులో మిగిలినవాటిలో 5 శాతాన్నీ పట్టడం. మీ అంత వ్యాపారానికి సెకనుకు ఒకటి అంటే దాదాపు అన్నీ పట్టినట్టే.

నూటికి ఒకటి పెట్టారంటే, గొడవ పడిన వ్యాపారి తాలూకు లెక్క ఆ మిగతా 99లోనే ఉంటుంది, రాసిపెట్టుకోండి. తప్పు వచ్చినవి మాత్రమే దాచుకుందాం అన్న ఆలోచన వస్తుంది. దాన్ని టెయిల్ శాంప్లింగ్ అంటారు. ప్రయాణం మొత్తం అయ్యాక దాచాలా పారేయాలా నిర్ణయించడం. అలా చేయాలంటే అన్ని ఫంక్షన్ల స్పాన్లూ ఒకచోట చేరే కలెక్టర్ ఒకటి ఎప్పుడూ నడుస్తుండాలి. సర్వర్ వద్దనుకుని ల్యాంబ్డాకు వచ్చి, ట్రేసింగ్ కోసం సర్వర్ పెట్టుకోవడం నాకు నచ్చదు. బిల్లులో మీరు నిజంగా చూసుకోవాల్సింది లాగ్‌లు. అమెజాన్‌లో లాగ్‌లు దాచే క్లౌడ్‌వాచ్, వాటిని ఎన్నాళ్లు ఉంచాలో చెప్పకపోతే ఎప్పటికీ ఉంచేస్తుంది, అద్దె వేస్తూనే ఉంటుంది. 30 రోజులని పెట్టేయండి.

ప్రశ్న: అక్కా, స్పాన్ మీద కస్టమరు ఫోన్ నంబరు రాస్తే వెతకడం ఎంత సులువో! మా టీమ్‌లో ఒకరు వద్దంటున్నారు. ఎందుకు వద్దు?
ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వద్దన్నవాళ్లకు నా తరఫున ఒక టీ ఇప్పించమ్మా. డేటాబేస్‌కు తాళాలు వేస్తాం, ట్రేస్ తెర మాత్రం టీమ్‌లో అందరికీ తెరిచే ఉంటుంది. ఇవాళ ఎక్స్‌రే, రేపు ఇంకో కంపెనీ టూల్. ఆ నంబర్లన్నీ బయటివాళ్ల చేతికి వెళ్తాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. ఒక కస్టమరు తన వివరాలు చెరిపేయమని అడిగితే, ట్రేస్‌లలోకి వెళ్లి ఏరుతూ కూర్చోగలవా?

బుకింగ్ నంబరు రాయి. ఎక్స్‌రేలో దాన్ని అనొటేషన్‌గా పెట్టాలి, అప్పుడే దానితో వెతకొచ్చు. మెటాడేటాగా పెడితే కనిపిస్తుంది గానీ వెతకడానికి దొరకదు. ఫోన్ నంబరు నుంచి బుకింగ్ నంబరు కనుక్కోవడం మీ డేటాబేస్ పని. ఒక అడుగు ఎక్కువ, అంతే.

హ్యాష్ చేసి, అంటే నంబరుని గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చి పెడతాం అంటారేమో. ఫోన్ నంబరంటే పది అంకెలే. ఉన్న నంబర్లన్నిటికీ హ్యాష్ వేసి పోల్చుకుంటే మామూలు కంప్యూటరుతోనే అసలు నంబరు బయటికొచ్చేస్తుంది. తప్పదనుకుంటే రహస్య కీ కలిపే హెచ్‌మ్యాక్ వాడండి, ఆ కీ ట్రేస్ చూసేవాళ్ల చేతిలో ఉండకూడదు. ఈ పని కూడా మిడిల్‌వేర్‌కే అప్పగించు. స్పాన్ మీద రాయడానికి ఒప్పుకునే పేర్ల జాబితా ఒకటి అందులో పెట్టి, ఆ జాబితాలో లేనిదేదైనా వస్తే పారేసేలా రాయి. వద్దన్నవాటి జాబితా పెట్టకు. కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్‌కి మొబైల్ అని పేరు పెడితే అది జల్లెడలోంచి జారిపోతుంది.